గీత కొట్టే ముందు
అసిమోవ్ ‘ఫౌండేషన్’ గాథలో లోకాలు, మనుషులు: స్మారకోపన్యాసం



ఈ ఉపన్యాసానికి పిలిచినప్పుడు నిర్వాహకులు, "మాస్టారికి ఇష్టమైన విషయం మీదే మాట్లాడండి" అన్నారు. ఆయన జీవితమంతా స్టాటిస్టిక్స్ చెప్పారు కాబట్టి నేను నమూనా సర్వేల మీదో, సంభావ్యత మీదో మాట్లాడతానని వాళ్లు అనుకుని ఉంటారు. కానీ ఆయన గుడ్డసంచీలో టేబుళ్ల పుస్తకం పక్కనే అట్ట ఊడిపోయిన నవల ఒకటి ఉండేది. ఆయన పాత శిష్యులందరికీ అది గుర్తే. ఐజాక్ అసిమోవ్ రాసిన ‘ఫౌండేషన్ అండ్ ఎంపైర్’. మూడు సంపుటాల గాథలో అది రెండోది. ఒక ఆదివారం ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో దొరికిందట. మొదటిదీ మూడోదీ ఆ రోజు దొరకలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు వెతికినా దొరకలేదు. అందుకని మాస్టారూ, ఆయన్ని అడిగి పుస్తకం తెచ్చుకున్న నేనూ ఈ గాథలోకి నడిమి గుమ్మం నుంచే వెళ్లాం. సూత్రం తెలియకముందే, సూత్రాన్ని బద్దలుకొట్టినవాణ్ణి చూశాం.

ఇవాళ ఆ పుస్తకం గురించే మాట్లాడతాను. దానికి ముందు ఒక చిన్న సంగతి.

చదువయ్యాక నాకు మొదట దొరికిన పని కుటుంబ సర్వే ఫారాలు సరిచూడటం. ఒక ఫారంలో ఇంట్లో ఉన్నది ఇద్దరే, నెలకు వాడే బియ్యం మాత్రం 120 కిలోలు. పన్నెండుకు పక్కన సున్నా ఎక్కువ పడిందనుకుని ఎర్ర పెన్నుతో గీత కొట్టేశాను. సెలవుల్లో మాస్టారిని కలిసినప్పుడు, నా చురుకుతనానికి మెచ్చుకుంటారని ఆ సంగతి చెప్పాను. ఆయన మెచ్చుకోలేదు. "ఏరా, గీత కొట్టే ముందు ఆ ఇంటికి వెళ్లావా?" అన్నారు. వెళ్లాను. ఒక ముసలావిడ, ఆవిడ మనవరాలు. మేస్త్రీలకూ కూలీలకూ రోజూ క్యారేజీలు కట్టి పంపుతున్నారు. ఫారంలో ఆ పని రాయడానికి గడి లేదు. అంకె సరైనదే. మా ఫారమే ఇరుకు.

‘ఫౌండేషన్’ గాథ కూడా ఒక ఫారం కథే. విశ్వమంతటికీ సరిపోయే ఫారం తయారుచేసిన ఒక మహానుభావుడి కథ, అందులో గడి లేని ఒక మనిషి కథ, ఆ మనిషిని పలకరించిన ఒక అమ్మాయి కథ.

సబ్‌వే రైలులో పుట్టిన సామ్రాజ్యం

1941 ఆగస్టు 1. న్యూయార్క్ సబ్‌వే రైల్లో 21 ఏళ్ల అసిమోవ్ పత్రికాసంపాదకుడు జాన్ డబ్ల్యూ. క్యాంప్‌బెల్‌ను కలవడానికి వెళుతున్నాడు. అప్పుడతను కొలంబియా విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చదువుతున్నాడు. సంపాదకుడికి చెప్పడానికి చేతిలో కథ లేదు. ఒళ్లో ఉన్న గిల్బర్ట్, సలివాన్‌ల సంగీత నాటకాల పుస్తకాన్ని ఊరికే ఒక చోట తెరిచాడు. కాపలా సిపాయి ముందు దేవకన్యల రాణి మోకరిల్లిన బొమ్మ కనబడింది. సిపాయి నుంచి సైన్యాలకు, సైన్యాల నుంచి సామ్రాజ్యాలకు, అక్కణ్ణుంచి రోము పతనానికి ఊహ పరుగెత్తింది. రోమన్ సామ్రాజ్య పతనం మీద గిబ్బన్ రాసిన గ్రంథాన్ని అతను అప్పటికే చదివి ఉన్నాడు. రోము కూలినట్టు నక్షత్రమండలమంతా పరుచుకున్న సామ్రాజ్యం ఒకటి కూలితే? రైలు దిగేసరికి కథ కుదిరింది. విన్న క్యాంప్‌బెల్ ఇది ఒక కథతో తీరేది కాదని, వరసగా రాయమని అన్నాడు.

‘అస్టౌండింగ్ సైన్స్ ఫిక్షన్’ పత్రికలో 1942 మే నెల నుంచి 1950 జనవరి దాకా ఎనిమిది కథలు వచ్చాయి. వాటికి ముందు ఒక కొత్త అధ్యాయం చేర్చి 1951, 1952, 1953లలో నోమ్ ప్రెస్ అనే చిన్న సంస్థ మూడు సంపుటాలుగా అచ్చువేసింది. 1966లో అన్ని కాలాల్లోకీ ఉత్తమ నవలామాలికగా హ్యూగో పురస్కారం దీనికే వచ్చింది. పోటీలో టోల్కీన్ ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ కూడా ఉంది. పాఠకులూ ప్రచురణకర్తలూ ఊరుకోకపోవడంతో అసిమోవ్ 1982లో మళ్లీ ఈ లోకంలోకి వచ్చాడు. తరువాయి కథగా రెండు నవలలు, పూర్వకథగా రెండు నవలలు రాశాడు. చివరిది ఆయన పోయాక, 1993లో అచ్చయింది.

హరి సెల్డన్ లెక్క

గాథకు మూలపురుషుడి పేరు హరి సెల్డన్. మొదటిసారి ఆ పేరు చదివినప్పుడు మనవాడేమో అనుకున్నాను. కాదు, హెలికాన్ అనే గ్రహం నుంచి వచ్చిన గణితవేత్త. ఆయన కనిపెట్టిన శాస్త్రం సైకోహిస్టరీ, అంటే మనుషుల గుంపు ముందుముందు ఎటు నడుస్తుందో లెక్కగట్టే విద్య.

దాని కిటుకు రసాయనశాస్త్రం చదివిన విద్యార్థికి తట్టవలసిందే. ఈ హాల్లో గాలి ఉంది. అందులో ఒక్క అణువును పట్టుకుని, ఇది మరుక్షణం ఎటు పోతుందని అడిగితే ఎవరూ చెప్పలేరు. అన్నీ కలిసి గోడల మీద ఎంత ఒత్తిడి పెడుతున్నాయో మాత్రం ఇంటర్మీడియట్ కుర్రాడు కూడా లెక్క కట్టగలడు. సెల్డన్ కాలానికి సామ్రాజ్యంలో మనుషులున్న గ్రహాలే దాదాపు 2.5 కోట్లు. జనాభా ఒకటి పక్కన 18 సున్నాలు పెడితే వచ్చే సంఖ్యకు దగ్గర. అంత మంది ఉన్నప్పుడు మనిషి అణువైపోతాడు. రాము ఏం చేస్తాడో తెలియదు, రాములందరూ కలిసి ఏం చేస్తారో తెలుస్తుంది.

ఈ లెక్కకు రెండు షరతులు. మొదటిది, జనం లెక్కలేనంత మంది ఉండాలి. రెండోది, తమ మీద లెక్క నడుస్తోందని వాళ్లకు తెలియకూడదు. తెలిస్తే నడక మారుతుంది, నడక మారితే లెక్క తప్పుతుంది. ఎన్నికల ముందు సర్వేలు చదివి ఓటు మార్చుకునేవాళ్లను చూసిన మనకు ఈ రెండో షరతు విడమరచి చెప్పనక్కర్లేదు.

లెక్క తేల్చింది ఇదీ: 12,000 ఏళ్లుగా నిలిచిన సామ్రాజ్యం కొన్ని శతాబ్దాల్లో కూలుతుంది. ఆ తర్వాత 30,000 ఏళ్ల అంధకారం. పతనాన్ని ఆపడం సాధ్యం కాదు గానీ, చీకటిని వెయ్యేళ్లకు కుదించవచ్చు. అందుకోసం విజ్ఞానసర్వస్వం రాసే నెపంతో దాదాపు లక్షమందిని నక్షత్రమండలం కొసన ఉన్న టెర్మినస్ అనే గ్రహానికి పంపిస్తారు. అదే ఫౌండేషన్. వాళ్లలో మనస్తత్వ శాస్త్రవేత్తలు లేకుండా సెల్డన్ ముందే చూసుకున్నాడు. రెండో షరతు చెడకూడదు కదా.

లోకాలు

అసిమోవ్ ప్రకృతిని వర్ణించే రచయిత కాడు. ఆయన గ్రహాల మీద చెట్టూ పిట్టా అరుదు. ఒక్కో గ్రహానికి ఒక్కో ఆర్థిక సూత్రం ఇచ్చి వదిలేస్తాడు. ఆ సూత్రమే అక్కడి మనుషుల్ని తయారుచేస్తుంది.

రాజధాని ట్రాంటార్ చూడండి. ఏడున్నర కోట్ల చదరపు మైళ్ల నేల మొత్తం ఒకే ఊరు. నేల మొత్తం లోహపు కప్పు కింద ఉంటుంది. జనాభా 4,000 కోట్లకు పైమాటే. అందరూ చేసేది ఒకే పని, పరిపాలన. అన్నం పెట్టేది మాత్రం వేరే 20 వ్యవసాయ గ్రహాలు. గాల్ డోర్నిక్ అనే కుర్ర గణితవేత్త పల్లెటూరి గ్రహం నుంచి అక్కడికి దిగుతాడు. ఆకాశం ఎక్కడుందో చూడాలని పనిగట్టుకుని ఒక గోపురం ఎక్కితే, కనుచూపు మేర మట్టి కనబడదు. అక్కడే పుట్టి పెరిగినవాళ్లకు ఆరుబయటికి రావడమంటేనే భయం. ఆ ఒక్క దృశ్యంతో సామ్రాజ్యం జబ్బేమిటో అసిమోవ్ చెప్పేశాడు. అన్నీ శాసించేవాడు పిడికెడు మెతుకుల కోసం ఇరవై గ్రహాల ఓడల వైపు చూస్తుంటాడు. ఓడలు ఆగిన రోజున సింహాసనం కూడా ఆగిపోతుంది.

తర్వాతి సంపుటాల్లో ట్రాంటార్ దోపిడీకి గురవుతుంది. బతికి బట్టకట్టినవాళ్లు లోహపు కప్పును పెకలించి, తుక్కుగా అమ్ముకుని, కింద ఎన్నో వేల ఏళ్లుగా ఎండ తగలని మట్టిని దున్నుతారు. నన్నడిగితే మొత్తం గాథలో ఇంతకన్నా మంచి బొమ్మ లేదు. రాజధాని రైతుగా మారింది, ఆ మాటకొస్తే మొదటిసారి తన కాళ్ల మీద తాను నిలబడింది.

టెర్మినస్ దీనికి సరిగ్గా ఎదురు. ఇనుము లేదు, రాగి లేదు, అల్యూమినియం లేదు. చుట్టూ అనాక్రియాన్ వంటి దురాశాపరుల రాజ్యాలు. లోహం లేనివాడు పొదుపుగా తయారుచేయడం నేర్చుకోక తప్పదు. సామ్రాజ్యం అణుయంత్రాలు మేడలంత ఉంటే, ఫౌండేషన్ వర్తకులు ఒంటికి తగిలించుకునేంత చిన్నవి చేశారు. మరోవైపు సివెన్నా గ్రహంలో తాతల నాటి విద్యుత్కేంద్రాన్ని వంశపారంపర్యంగా కాపాడుతున్న పనివాళ్లున్నారు. దాన్ని నడపగలరు, పాడైతే బాగుచేయలేరు. ఎందుకు నడుస్తోందో తెలియకుండా నడిపేవాళ్లతో నిండిన దేశం పెద్దదైనా ఎన్నాళ్లుంటుందని అసిమోవ్ అడుగుతాడు.

ముసలితనంలో ఆయన చేర్చిన లోకాల్లో రెండింటిని వీటి పక్కన పెట్టి చూడాలి. సొలేరియాలో ఒక్కో మనిషిదీ ఒక్కో పెద్ద ఎస్టేటు. చుట్టూ రోబోలు, మరో మనిషి మొహం చూడటమే అసహ్యం. గయాలో మనిషీ చెట్టూ రాయీ అన్నీ కలిసి ఒకే మనసు. ట్రాంటార్‌లో మనిషి అంకె. సొలేరియాలో పక్క మనిషే లేడు. గయాలో ‘నేను’ అనే మాటకే చోటు తక్కువ. ఒకడికీ అందరికీ ఉండే లంకెను ఎక్కడ ముడివేయాలన్న ప్రశ్నతో ఈయన యాభై ఏళ్లు పెనుగులాడాడని ఈ మూడు లోకాలే సాక్ష్యం.

సేనాపతి, కంచరగాడిద

మాస్టారి పుస్తకంలో ఉన్నవి రెండే కథలు. మొదటిది ‘ది జనరల్’, రెండోది ‘ది మ్యూల్’.

మొదటి కథలో బెల్ రియోస్ అనే సేనాపతి. ధైర్యం, నిజాయితీ, యుద్ధకౌశలం అన్నీ ఉన్నవాడు. బైజాంటియం చరిత్రలోని బెలిసారియస్ నీడ ఇతని మీద పడిందని చదివినవారు గుర్తుపడతారు. అతను ఫౌండేషన్ మీదికి దండెత్తి గెలుస్తూ పోతాడు. అతన్ని ఆపడానికి డూసెమ్ బార్ అనే వృద్ధుడూ, లేథన్ డెవర్స్ అనే వర్తకుడూ శతవిధాలా ప్రయత్నిస్తారు. వాళ్ల ఎత్తుల్లో ఒక్కటీ పారదు. అయినా రియోస్ ఓడిపోతాడు. గెలిచే సేనాపతిని చూసి చక్రవర్తికి భయం పట్టుకుంటుంది. వెనక్కి పిలిపించి చంపిస్తాడు. బలహీనుడైన సేనాపతి వల్ల ఫౌండేషన్‌కు ప్రమాదం లేదు. చక్రవర్తి బలహీనుడైతే సేనాపతి సింహాసనం వైపే తిరుగుతాడు. ఇద్దరూ బలవంతులైతే ఇలాగే ముగుస్తుంది. ఎలా చూసినా ఫౌండేషన్‌దే గెలుపు. ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు. సాహసకథలకు అలవాటుపడిన పాఠకుడికి ఇది చెంపదెబ్బ. ఇంత మంచివాళ్లు ఇంత కష్టపడితే, కథలో వాళ్లెవరూ లెక్కలోకే రాలేదు.

మొదటి సంపుటంలోని నాయకులదీ అదే గతి. మేయర్ శాల్వర్ హార్డిన్ శాస్త్రాన్ని మతంగా మార్చి, పూజారుల శాపంతో శత్రువు యుద్ధనౌకను నడి ఆకాశంలో ఆపేస్తాడు. వర్తకుడు హోబర్ మాలో తుపాకీ పేల్చకుండా, వంటింటి పరికరాల సరఫరా ఆపి కొరెల్ రాజ్యాన్ని లొంగదీస్తాడు. ఇద్దరూ గొప్ప చతురులు. కానీ వాళ్లు కాకపోతే ఇంకొకరు అదే పని చేసేవాళ్లని సెల్డన్ లెక్క. దశాబ్దాలకోసారి టెర్మినస్‌లోని కాలమందిరం తెరుచుకుంటుంది. చక్రాల కుర్చీలో కూర్చున్న సెల్డన్ బొమ్మ వెలుగులో ప్రత్యక్షమై, ఇప్పుడు మీకు వచ్చిన కష్టం ఇదీ, తీరే దారి ఇదీ అని చెప్పి మాయమవుతుంది. చచ్చిపోయిన తాతగారు ప్రతిసారీ సరిగ్గానే చెబుతారు.

ఇలా సాగుతుంటే కథలో ఉత్కంఠ మిగలదని క్యాంప్‌బెల్‌కు అర్థమైంది. ప్రణాళికను భగ్నం చేయమన్నాడు. అసిమోవ్ మొదట హడలిపోయాడు, తర్వాత రాశాడు. ఆ రాసినదే ‘ది మ్యూల్’. మ్యూల్ అంటే కంచరగాడిద. సంతానం కలగని జీవి. ఈ పాత్రకు ఆ పేరు ఎందుకొచ్చిందో కథ చివర తెలుస్తుంది. ఇతను ఒక వికృత జన్మ. ఎదుటివాడి బుద్ధిని ముట్టుకోకుండా మనసులోని రాగద్వేషాలను మాత్రం మార్చగలడు. హాన్ ప్రిచర్ అనే కెప్టెన్ అతన్ని చంపడానికి బయల్దేరి, అతని విధేయుడై తిరిగొస్తాడు. ఒకప్పుడు మ్యూల్‌ను ద్వేషించానని ప్రిచర్‌కు గుర్తుంటుంది. ద్వేషించడం మాత్రం చేతకాదు. అసిమోవ్ రాతలో ఇంత భయం పుట్టించే పాత్ర నాకు మరొకటి కనబడలేదు.

మ్యూల్ దాడి నడుస్తుండగా కాలమందిరం తెరుచుకునే రోజు వస్తుంది. జనమంతా ఆశగా చేరతారు. సెల్డన్ బొమ్మ ప్రత్యక్షమవుతుంది. ఫౌండేషన్‌కూ వర్తకులకూ మధ్య రావలసిన అంతర్యుద్ధం గురించి ప్రశాంతంగా చెప్పుకుపోతుంది. అలాంటి యుద్ధమే రాలేదు. బయట మ్యూల్ నౌకలు దిగుతున్నాయి. తాతగారు మొదటిసారి వేరే ఇంటి కష్టాలు చెబుతున్నారు. సెల్డన్ ఫారంలో మ్యూల్‌కు గడి లేదు.

బేటా, ఆర్కడీ

ఇక అమ్మాయి సంగతి. బేటా, ఆమె భర్త టోరన్. కొత్తగా పెళ్లయినవాళ్లు. కల్గన్ అనే విలాసాల గ్రహం సముద్రతీరంలో సైనికులు తరుముతున్న ఒక బక్కచిక్కిన విదూషకుడు వాళ్లకు తారసపడతాడు. పొడుగు ముక్కు, సన్నని చేతులు, వణికే గొంతు. పేరు మాగ్నిఫికో. మ్యూల్ కొలువు నుంచి పారిపోయి వచ్చానంటాడు. అందరూ నవ్వుకునే ఆ మనిషి మీద బేటాకు జాలి కలుగుతుంది. తన వెంట ఉంచుకుంటుంది. వాళ్లు పోయిన ప్రతిచోటూ పతనమవుతూ వస్తుంది. టెర్మినస్, హేవెన్, నియోట్రాంటార్. చివరికి పాత ట్రాంటార్ గ్రంథాలయంలో ఎబ్లింగ్ మిస్ అనే పండితుడు, సెల్డన్ రహస్యంగా నెలకొల్పిన రెండో ఫౌండేషన్ ఎక్కడుందో కనిపెడతాడు. ఆ మాట నోటివెంట రాబోయే క్షణంలో బేటా అతన్ని కాల్చి చంపుతుంది. ఆ విదూషకుడే మ్యూల్ అని ఆమెకు అర్థమైపోయింది.

ఆమె ఒక్కతెకే ఎలా అర్థమైంది? జవాబు మ్యూలే చెబుతాడు. అందరి మనసులనూ మార్చాడు, ఆమె మనసును మాత్రం ముట్టుకోలేదు. పుట్టినప్పటి నుంచి ఏ మనిషీ తనంతట తాను అతన్ని ఇష్టపడలేదు. ఈ అమ్మాయి ఎవరూ బలవంతపెట్టకుండానే ఇష్టపడింది. ఆ ఒక్క సహజమైన ఆప్యాయతను చెడగొట్టుకోలేకపోయాడు. అందువల్ల ఆమె తలలోని ఆలోచన తేటగా మిగిలింది, తేటగా ఉండబట్టే నిజం పట్టుకుంది. విశ్వాన్ని గెలిచినవాడు పలకరింపు దగ్గర ఓడిపోయాడు. సెల్డన్ గణితానికి అందనివాణ్ణి ఆపింది పెద్ద గణితం కాదు. గుంపులోంచి విడిపడిన ఒకణ్ణి, గుంపులోంచి విడిపడిన ఇంకొకతె మనిషిగా చూడటం.

నన్ను ఇంకా కలతపెట్టేది దీని తర్వాతి సంగతి. మూడో సంపుటంలో బేటా మనవరాలు ఆర్కడీ వస్తుంది. పద్నాలుగేళ్ల గడుగ్గాయి. కథలు రాయాలని కలలు కనే పిల్ల. ఆమె తెలివితో, తెగువతో టెర్మినస్ వాళ్లు రెండో ఫౌండేషన్‌ను నాశనం చేశామని నమ్ముతారు. అసలు రెండో ఫౌండేషన్ ట్రాంటార్‌లోనే భద్రంగా ఉంది. ఆ నమ్మకం కలిగించడానికి తమవాళ్లలో యాభైమందిని వాళ్లే బలిచ్చుకున్నారు. అంతకన్నా దారుణం, ట్రాంటార్‌లో పుట్టిన పసికందు ఆర్కడీ మనసును పొత్తిళ్లలోనే తమకు కావలసినట్టు దిద్దారు. ఆ పిల్లకు అది ఎప్పటికీ తెలియదు.

నాయనమ్మ గెలిచింది, ఆమె మనసును ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి. మనవరాలిని గెలిపించింది మాత్రం ఆమె మనసును ముట్టుకున్నవాళ్లే. మ్యూల్ చేస్తే అది దౌర్జన్యం. సెల్డన్ వారసులు చేస్తే ప్రణాళిక. సాధనం ఒకటే. ప్రణాళిక తిరిగి గాడిలో పడినందుకు చాలామంది పాఠకులు ఊపిరి పీల్చుకుంటారు. నేను మాత్రం అక్కడ పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. లెక్కను సరిచేయడానికి మనిషిని సరిచేశారు. ఎర్ర పెన్ను మళ్లీ వచ్చింది. ఈసారి గీత కాగితం మీద పడలేదు.

1945

‘ది మ్యూల్’ పత్రికలో వచ్చింది 1945 నవంబరు, డిసెంబరు సంచికల్లో. అదే సంవత్సరం కలకత్తా గణిత సంఘం పత్రికలో ఒక పరిశోధన వ్యాసం వచ్చింది. రాసినవారు కల్యంపూడి రాధాకృష్ణారావు, మనమందరం సి.ఆర్. రావు అని పిలుచుకునే తెలుగు కుటుంబం బిడ్డ. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లినవారు. అసిమోవ్, రావు ఇద్దరూ 1920లోనే పుట్టారు. ఒకరికొకరు తెలిసే అవకాశం లేదు. అయినా ఆ రెండు రచనల్నీ పక్కపక్కన పెట్టుకోవడం మాస్టారికి సరదా.

రావు గారి వ్యాసం వెనుక క్లాసులో ఒక విద్యార్థి వేసిన ప్రశ్న ఉందంటారు. గణాంకవేత్త ఫిషర్ ఫలితం ఒకదాన్ని పాఠంగా చెబుతున్నారాయన. నమూనా ఎంతో పెద్దదైనప్పుడు వర్తించే ఫలితమది. నమూనా చిన్నదైతే ఏమవుతుందని కుర్రాడు అడిగాడు. రావు గారు ఇంటికి వెళ్లి దానికి జవాబు సాధించారు. ఇవాళ ప్రపంచమంతా దాన్ని క్రామెర్–రావు హద్దు అంటోంది. మామూలు మాటల్లో చెప్పాలంటే, ఏ పక్షానికీ ఒరగకుండా ఎంత నేర్పుగా అంచనా కట్టినా, అందులోని ఊగిసలాట ఒక హద్దు కన్నా తగ్గదు. ఆ హద్దు ఎంతన్నది నీ దగ్గరున్న సమాచారమే చెబుతుంది. అంటే, తెలియనితనానికి కూడా ఒక కొలత ఉంది.

సెల్డన్‌కు లేని వినయం ఇదే. ఆయన లెక్కలో సంభావ్యతలు ఉన్నాయి, శాతాలు ఉన్నాయి. మా ఫారంలో గడి లేనివాడు వస్తే ఎలా అన్న ప్రశ్న మాత్రం లేదు. నవలాకారుడు భవిష్యత్తులో గణితానికి ఎదురులేదని కథ మొదలుపెట్టి, ఎదురైనవాణ్ణి సృష్టించుకున్నాడు. గణితవేత్త ఆ ఎదురు ఎంతవరకు ఉంటుందో సూత్రం కట్టాడు. ఒకే ఏడాదిలో వచ్చిన ఈ రెంటినీ మాస్టారు ఒకే పాఠంగా చెప్పేవారు.

లోపాలూ ఉన్నాయి

అభిమానంతో మాట్లాడుతున్నానని లోపాలు దాచను. ఈ గాథలో యుద్ధాలు తెర వెనుక జరుగుతాయి. తెర ముందు ఇద్దరు గదిలో కూర్చుని, చుట్టలు కాల్చుకుంటూ వాదించుకుంటారు. వేల ఏళ్ల తర్వాతి లోకంలోనూ వార్తాపత్రికలూ, 1940ల అమెరికా ఆఫీసు మర్యాదలూ ఉంటాయి. నక్షత్రాల మధ్య తిరిగే ఓడల్లో చెప్పుకోదగ్గ కంప్యూటర్లు 1982 నవలలో గానీ రావు. మొదటి సంపుటంలో ఆడవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 2021లో మొదలైన టీవీ ధారావాహికలో గాల్ డోర్నిక్‌నూ శాల్వర్ హార్డిన్‌నూ స్త్రీపాత్రలుగా మార్చడం ఆ వెలితిని పూడ్చే ప్రయత్నమే.

అయినా ఈ పుస్తకాలు మనుషుల్ని కదిలించాయి. అర్థశాస్త్రంలో నోబెల్ పొందిన పాల్ క్రుగ్‌మన్, కుర్రతనంలో సెల్డన్‌లా కావాలనుకునే ఆర్థికవేత్తనయ్యానని చెప్పుకున్నాడు. సైకోహిస్టరీ లేదు గనుక దానికి దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకున్నాడు. మన కాలంలో సమాచారంతో పనిచేసేవాళ్లంతా ఏదో మేరకు సెల్డన్ శిష్యులే. ఎవరికి అప్పివ్వాలి, ఎవరికి ఏ సరుకు చూపించాలి, ఎవరిని అనుమానించాలి అన్నవన్నీ గుంపు లెక్కలే తేలుస్తున్నాయి. చాలామటుకు సరిగ్గానే తేలుస్తున్నాయి. ఆ ‘చాలామటుకు’లో చేరనివాళ్ల ఇళ్లకు ఎవరు వెళతారన్నదే ప్రశ్న.

పిల్లలూ, మీలో చాలామంది రేపు డేటా ఉద్యోగాల్లోకే వెళతారు. మీ చేతిలో ఎర్ర పెన్ను ఉండకపోవచ్చు, ఒక మీట ఉంటుంది. వరుసకు పొసగని అంకె కనబడగానే దాన్ని నొక్కాలనిపిస్తుంది. నొక్కవలసిన సందర్భాలూ ఉంటాయి, తప్పుగా రాసిన ఫారాలు నేనూ వేలల్లో చూశాను. నొక్కేముందు ఆ ఇంటికి ఒకసారి వెళ్లి రండి. వెళ్లలేకపోతే ఫోనైనా చేయండి.

మాస్టారి రెండో సంపుటానికి కొత్త అట్ట వేయించి, ముందు వరుసలో కూర్చున్న అమ్మగారి అనుమతితో ఈ కాలేజీ లైబ్రరీకి ఇస్తున్నాను. దానికి జతగా మొదటిదీ మూడోదీ కొత్తవి కొన్నాను. మొదటి సంపుటంతో మొదలుపెట్టడమే పద్ధతి. కానీ నా మాట వింటే రెండోదానితో మొదలుపెట్టండి.